నారింజ రంగు ఎక్స్-1 కిట్: మన గోదావరి తేమలో కట్టాలంటే

నమస్కారమండీ. ఈ 1/72 స్కేల్ (అసలుదాంట్లో 72వ వంతు) బెల్ ఎక్స్-1 రాకెట్ విమానం బొమ్మ కిట్‌ని అమ్మేవాళ్లే ఉచితంగా పంపారు, ముందే చెప్పేస్తున్నా. పెట్టెలో ఎన్ని ముక్కలున్నాయో ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసుంటారు, ఆ జోలికి పోను.

అసలు విమానాన్ని 0.50 అంగుళాల తూటా ఆకారంలో చేశారు, ఆ తూటా ధ్వని వేగం దాటినా నిలకడగా పోతుందని తెలుసు కాబట్టి. కాక్‌పిట్ అద్దం కూడా ఆ గుండ్రంలోనే కలిసిపోవాలి, బుడిపెలా పైకి లేవకూడదు. ఇదిగో చూడండి, ఎంత చక్కగా కలిసిందో! నాకు ఇక్కడే నచ్చేసింది. పొడవు కూడా 131 మిల్లీమీటర్లు, లెక్క సరిపోయింది.

చిరాకల్లా ముక్కు బరువు దగ్గర. సూచనల కాగితంలో ఆ మాటే లేదు. బరువు వేయకపోతే బొమ్మ తోక మీద కూలబడుతుంది. ఎక్స్-15 అనే ఇంకో రాకెట్ విమానం బొమ్మకి ఈ బాధ లేదండి, దానికి వెనక చక్రాల బదులు తోక దగ్గర స్కిడ్లు (నేల మీద జారే పట్టీలు) ఉంటాయి. అన్నట్టు, దాన్ని నేల మీద నిలబెట్టి కడితే కింది తోకరెక్క చివరి ముక్క అంటించకండి, దిగేముందు దాన్ని వదిలేసేవారు.

బరువుకి విసురువల అంచున కట్టే సీసం గుళ్లు తీసుకోండి. నరసాపురం, భీమవరం వైపు వలలమ్మే కొట్లో అడిగితే ఇస్తారు. జిగురు పెట్టకముందే ఒళ్లు, రెక్కలు, తోక టేపుతో బిగించి, వెనక చక్రాలు వచ్చేచోట పెన్సిల్ మీద ఆనించండి. ముక్కు కిందికి వాలేదాకా ఒక్కో గుండూ పెంచండి. దీనికి 6 గ్రాములు పట్టింది, పైన ఇంకో గ్రాము వేసుకోండి. గుళ్లని సుత్తితో చదును చేసి కాక్‌పిట్ ముందు ఖాళీలో దూర్చండి. చెక్కకి వాడే తెల్ల జిగురు మాత్రం వద్దు! అందులోంచి వచ్చే ఆమ్లం సీసాన్ని తెల్లపొడి చేస్తుంది, ఆ పొడి ఉబ్బి కొన్నేళ్లకి అతుకు చీలిపోతుంది. మన తేమకి ఆ ముప్పు మరీ ఎక్కువ. రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, దాన్ని ఆకురాయితో రుద్దొద్దు.

ఇక రంగు. 1947 అక్టోబర్ 14న పైలట్ చక్ యేగర్ మాక్ 1.06 (ధ్వని వేగానికి 1.06 రెట్లు) అందుకున్న విమానం ఇదే, దాని నంబరు 46-062. ఒళ్లంతా నారింజే. బూడిదరంగు ప్లాస్టిక్ మీద నారింజ నేరుగా కొడితే ఇటుకరంగులోకి దిగిపోతుంది, కింద తెల్ల ప్రైమర్ తప్పదు. లాకర్ రంగైతే మనకి ఇంకో తిప్పలు. థిన్నర్ గబగబా ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద చేరి పాలపొరలా తెల్లబడుతుంది. వాన పట్టిన రోజు, మంచు కురిసే పొద్దుటిపూట స్ప్రే ముట్టుకోకండి. ఎండ కాసిన రోజు 11 నుంచి 3 లోపు కొట్టుకోండి, నిదానంగా ఆరే థిన్నర్ కలుపుకోండి. కంప్రెసర్ నీటిబుడ్డి మధ్యమధ్యలో ఖాళీ చేస్తుండండి. తెల్లపొర వచ్చేసినా గీకొద్దు. ఎండ వచ్చాక ఆ థిన్నర్ ఒక్కటే పలచగా తుంపర కొడితే చాలావరకు పోతుంది.

నడినెత్తి అతుకుకి 400, 800 నంబరు నీటి ఎమరీ సరిపోతుంది. డెకాల్స్ (బొమ్మ మీద అంటించే గుర్తులు) కాస్త మందం, వేడినీళ్లలో నానబెడితే లొంగాయి.

కొనుక్కోమనే చెబుతానండి. ఆ ముక్కు గుండ్రం ఇంత శుభ్రంగా పోతపోసినవాళ్లు, తర్వాతి అచ్చులో సూచనల కాగితం మీద బరువు సంగతి ఒక్క ముక్క రాయాలి.