ఈఎక్స్‌ఈలో దాచిన పాస్‌వర్డ్ దాగదు

వేదిక మీది పెద్దలకు, గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన ప్రోగ్రామర్లకు నమస్కారం. శాలువాల సంగతి తర్వాత చూద్దాం. నాకిచ్చిన అంశం డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ భద్రత. లాగిన్, బ్యాకప్, అప్‌డేట్ అన్నీ చెప్పాలి గానీ, డేటాబేస్ పాస్‌వర్డ్ దాటి ముందుకెళ్లగలనో లేదో!

మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు అనుకోండి. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా బరువు, రైతుకిచ్చే అమ్మకం చీటీ అంటే పట్టీ, అన్నీ మీ సాఫ్ట్‌వేర్‌లోనే. కాన్ఫిగ్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 'ఎస్ఏ' యూజరు, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో అన్ని హక్కులూ ఉన్న ఖాతా, పక్కనే దాని పాస్‌వర్డ్. ఏ గుమాస్తా అయినా నేరుగా సర్వర్‌లోకి వెళ్లి పట్టీలో రేటు మార్చేయొచ్చు. మీ లాగిన్ స్క్రీన్ జోలికే పోనక్కర్లేదు.

'పాస్‌వర్డ్‌ని కోడ్‌లోకి మార్చేశాం కదండీ' అంటారు. డాట్‌నెట్‌లో చేసిన ఈఎక్స్‌ఈని, అంటే ప్రోగ్రామ్ ఫైలుని, కోడ్ విప్పి చూపించే ఐఎల్‌స్పైలో తెరవండి, కనబడుతుంది. కోడ్‌ని చిక్కుముడి చేసే ఆబ్ఫస్కేటర్ వాడితే కాస్త ఆలస్యం, అంతే. విండోస్‌లోనే ఉండే ఎన్‌క్రిప్షన్ సదుపాయం డీపీఏపీఐ మంచిదే, డిస్కు ఎత్తుకుపోయినవాడి నుంచి కాపాడుతుంది. కానీ అదే విండోస్ లాగిన్‌లో కూర్చున్న గుమాస్తా దాన్ని విప్పగలడు.

కాబట్టి దాచడం కాదు, హక్కులు కత్తిరించండి. ఎస్ఏ తీసేసి వేరే లాగిన్ పెట్టండి. టేబుళ్ల మీద ఏ హక్కూ వద్దు, డేటాబేస్‌లోనే రాసి ఉంచిన స్టోర్డ్ ప్రొసీజర్లను నడిపే ఎగ్జిక్యూట్ హక్కు ఒక్కటి చాలు. రేటు ఎవరు మార్చారో ప్రొసీజరే రాసిపెట్టాలి. ప్రొసీజర్ లోపల స్ట్రింగులు అతికించి క్వెరీ నడిపారో, టేబుల్ హక్కు లేదని ఎర్రర్ వస్తుంది. అప్పుడు విసుగొచ్చి హక్కులన్నీ ఇచ్చేస్తారు చూడండి, అక్కడే కొంప మునుగుతుంది! 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' కొట్టమని కస్టమర్‌కి చెప్పేవాళ్లు చేతులెత్తండి. మొహమాటం వద్దు. డేటాని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాస్తున్నారు, అందుకే ఆ తిప్పలు. ప్రోగ్రామ్‌డేటాకి మార్చండి, ప్రోగ్రామ్ ఏ హక్కులతో నడవాలో చెప్పే మానిఫెస్ట్‌లో 'యాజ్ఇన్వోకర్' (తెరిచినవాడి హక్కులతోనే) అని పెట్టండి.

లాగిన్ గురించి ఒక్క మాట. యూజర్ల పాస్‌వర్డ్‌లు హాష్ చేసి దాచడానికి పాత ఎండీ5 పద్ధతి వదిలేయండి. దాని బదులు, ఊహించడం కష్టం చేసేలా హాష్‌ని పదేపదే తిప్పే పీబీకేడీఎఫ్2 వాడండి: షా-256తో 6,00,000 ఇటరేషన్లు, ఒక్కో యూజరుకు వేరే 16 బైట్ల సాల్ట్, అంటే పాస్‌వర్డ్‌కి కలిపే యాదృచ్ఛిక బైట్లు.

ఇక అప్‌డేట్. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్వేర్ ఉక్రెయిన్‌లో ఎలా పాకిందో తెలుసు కదా? పన్నుల లెక్కలు రాసే ఎం.ఇ.డాక్ అప్‌డేట్ల ద్వారా. అదీ మన బిల్లింగ్ ప్యాకేజీల బాపతు సాఫ్ట్‌వేరే. డౌన్‌లోడైన ఫైలు మీద మీ డిజిటల్ సంతకం సరిచూశాకే నడపాలి. సంతకం చేసే రహస్య కీని అప్‌డేట్ సర్వర్‌లో పెట్టకండి. సైన్ చేసేటప్పుడు, ఎప్పుడు సైన్ చేశారో రుజువు చేసే టైమ్‌స్టాంప్ మరవకండి. లేదంటే సర్టిఫికెట్ గడువు తీరాక పాత ఇన్‌స్టాలర్ల సంతకాలూ చెల్లవు, సీజన్ మధ్యలో కొట్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి.