జనం కాదు బాబూ, మీ వ్యాన్ రూటే మీ బ్యాండ్‌ని ముంచింది!

ఆ వీడియో మీరందరూ చూసే ఉంటారు. రాత్రి మూడు గంటలు. సాలూరు దగ్గర రోడ్డు పక్కన ఆపిన వ్యాన్, వెనక డోర్ తెరిచి డ్రమ్స్. సొంత పాటలు పాడే విశాఖ బ్యాండ్ కుర్రాడొకడు గిటార్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ ఒకటే మాట: "ఒడిశా బోర్డర్ ఊళ్లలో సొంత పాటకి విలువ లేదు. సినిమా పాట వాయిస్తేనే మనం మనుషులం. జన్మలో ఇటు రాం." ఒడిశా కోరాపుట్ పక్కన జయపురంలో ప్రోగ్రాం చేశారు, నాలుగో పాటకి కుర్రాళ్లు గోల చేశారు, వీళ్లు స్టేజీ దిగి వచ్చేశారు. అప్పట్నుంచి ఎవడు చూసినా మా ఊళ్లని తిట్టడమే. మాకు టేస్ట్ లేదంట! మేం వెనకబడ్డామంట!

నేను బరంపురం వాణ్ని. మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఆరేళ్లు ఒక బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించి, నడుం పోయాక ఈ ఛానెల్ పెట్టుకున్నాను. ఆ అనుభవంతో గట్టిగా చెప్తున్నాను. మిమ్మల్ని ముంచింది జనం కాదు. మీ వ్యాన్ రూటు. మళ్లీ చెప్తున్నా, వ్యాన్ రూటు!

ఎలాగంటారా? ఆ కుర్రాడే అదే వీడియోలో చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. "ఈ రెండు నెలల్లో నాలుగు సార్లు వచ్చాం" అన్నాడు. బరంపురం ఒకసారి, ఇంటికి. పర్లాకిమిడి ఒకసారి, ఇంటికి. రాయగడ, ఇంటికి. జయపురం, ఇంటికి. ఒరే నాయనా, అది టూర్ కాదురా, అత్తారింటికి పోయిరావడం!

లెక్క చూడండి. అద్దె ట్రావెలర్ వ్యాన్ మాకు దొరికిన రేటు కిలోమీటర్‌కి 24 రూపాయలు, రోజుకి మినిమం 250 కిలోమీటర్లు, అంటే తక్కువ తిరిగినా అంతకీ కట్టాల్సిందే. రాత్రి పదికి షో అయిపోయి తెల్లారి ఇల్లు చేరితే బండి ఓనర్ రెండు రోజులు కడతాడు. నాలుగు షోలకి ఎనిమిది రోజులు, అంటే 48,000 రూపాయలు. డ్రైవర్ బత్తా వేరే. షోకి పాతిక వేలు వస్తే నాలుగింటికి లక్ష, అందులో సగం చక్రాల కింద పోయింది. బ్యాండ్‌లో అందరికంటే ఎక్కువ సంపాదించింది ఎవరు? వ్యాన్!

ఇప్పుడు మధ్యలో ఇంటికి రాకుండా నాలుగు ఊళ్లూ ఒకే చుట్టులో కొట్టండి. విశాఖ నుంచి హైవే మీద ఇచ్ఛాపురం దాటి బరంపురం, మొదటి షో. వెనక్కి టెక్కలి దాకా వచ్చి, లోపలికి తిరిగి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, రెండో షో. అక్కణ్నుంచి గుణుపూర్ మీదుగా రాయగడ, మూడోది. తర్వాత కోరాపుట్ దాటి జయపురం, నాలుగోది. ఐదో రోజు సుంకి ఘాట్ కొండ రోడ్డు దిగి సాలూరు, విజయనగరం, ఇల్లు. మొత్తం తొమ్మిది వందల కిలోమీటర్లు అటూ ఇటూ. ఐదు రోజుల మినిమం కట్టినా 30,000. పద్దెనిమిది వేలు మిగిలాయి! లాడ్జి ఖర్చో అంటారు. ఉంది, కాదనను. రెండు రూములు, నాలుగు రాత్రులు, మా లెక్కలో ఏడు వేలు దాటలేదు. ఐదుగురూ డ్రైవరూ సర్దుకోవాలి, ఒకడు గురక పెడతాడు. భరించాలి.

రాజుగారి రైలు గుర్తొస్తోంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు నౌపడ నుంచి వాళ్ల ఊరికి 1900లో వచ్చింది, 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. ప్రతి స్టేషన్ నుంచీ వెనక్కి నౌపడ వచ్చి మళ్లీ బయల్దేరమని వేశారా ఆ పట్టాలు? లేదే! ఊరి నుంచి ముందు ఊరికి. నూరేళ్ల కింద రాజావారికి తెలిసింది మన ఇండీ బ్యాండ్ మేనేజర్లకి తెలియలేదు.

అయినా డబ్బు చిన్న విషయం. అసలు దెబ్బ నిద్రది. మేం కూడా మొదట్లో ఇదే వెర్రి పని చేశాం. జయపురంలో షో అయ్యాక రాత్రికి రాత్రే బయల్దేరాం. సుంకి ఘాట్‌లో పొగమంచు, ముందు లారీ వెనక లైటు తప్ప ఏమీ కనబడదు, బ్రేకులు కాలిన వాసన. డ్రైవర్ పక్కన కూర్చుని వాడు నిద్రపోకుండా మాట్లాడించడం డ్రమ్మర్ డ్యూటీ. వాడి పెళ్లి కథ మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ పెళ్లి వేరేవేరే ఊళ్లో జరిగింది. కళ్లు మూస్తున్నాడని అర్థమై, ఒక మలుపులో బండి పక్కకి తీయించి అందరం తెల్లారేదాకా కూర్చున్నాం. ఆ మర్నాడు సాయంత్రం ఇంకో షో. ఎలా వాయించానో నాకే తెలీదు. జనం గోల చేశారు. చెయ్యరా మరి?

ఆ విశాఖ కుర్రాళ్లు కూడా అంతే. తెల్లవారుజామున బయల్దేరి, దాదాపు 220 కిలోమీటర్లు ఘాట్ ఎక్కి, మధ్యాహ్నం దిగి, సౌండ్ చెక్ లేకుండా స్టేజీ ఎక్కారు. వీడియోలోనే ఉంది, "మానిటర్లో మా గొంతు మాకే వినబడలేదు" అని. మానిటర్ అంటే స్టేజీ మీద మన పాట మనకి వినిపించే స్పీకర్. ముందు రోజు రాయగడలో పడుకుని వచ్చి ఉంటే నిద్ర తీరి, సౌండ్ చెక్ చేసుకుని మరీ స్టేజీ ఎక్కేవాళ్లు.

రాత్రి పది సంగతి కూడా. శబ్ద కాలుష్యం రూల్స్ 2000 నుంచి ఉన్నాయి, బయట మైదానంలో రాత్రి పది దాటితే మైకు ఆపాలి. మన సభల్లో వక్తలకి ఆ రూల్ తొమ్మిదిన్నర దాకా గుర్తుండదు. దీపం, శాలువాలు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి... బ్యాండ్‌కి మిగిలేది అరగంట. అదే పండగల రోజుల్లో ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించొచ్చు, ఏడాదికి 15 రోజులకి మించకుండా. మా బరంపురం మెలోడీ పార్టీలు, అదే మీ ఆర్కెస్ట్రాలు, ఈ తేదీలు చూసుకునే డైరీ రాసుకుంటాయి. మీరేమో శని ఆదివారాలు చూసుకుంటారు. ఇక్కడ క్యాలెండర్ నడిపేది వీకెండ్ కాదు, అమ్మవారు! మెలోడీ వాళ్లని చూసి నవ్వుతారు గానీ, వాళ్లు సగం అడ్వాన్స్ చేతిలో పడందే బండి తియ్యరు. నేర్చుకోండి.

ఇక "సొంత పాటకి విలువ లేదు" అన్న మాట. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పర్లాకిమిడి ఏ ఊరో తెలుసా? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని కొట్లాడిన మనిషి, అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసిన మనిషి. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన వెళ్లిపోయారు, ఆ తెలుగు మాత్రం అక్కడే ఉండిపోయింది. అలాంటి చోట మీరు సగం ఇంగ్లీషు, సగం నిఘంటువులో మాటలు పెట్టి పాడితే ఏటి అర్థమవుద్ది? మేం అక్కడ మా పాట ఒకటి ఆ ఊరి యాసలోనే "ఏటి సేత్తాం", అంటే ఏం చేస్తాం, అని మొదలుపెట్టాం. రెండో చరణానికి ముందు వరసలో ముసలాయన కర్రతో నేల మీద తాళం వేస్తున్నాడు. ఆ పాట ఏ సినిమాలోనూ లేదు!

మరి జయపురంలో నాకు గోల జరగలేదా? జరిగింది. ఒకడు "నాటు కొట్టు" అని అరిచాడు. కొట్టాం ఒకటి, నాలుగు నిమిషాలు, ఆ దరువులోంచే మా పాటలోకి దిగిపోయాం. వాడు గమనించలేదు, గెంతుతూనే ఉన్నాడు. అలిగి దిగిపోతే పెళ్లికొడుకుని బతిమాలతారు గానీ గిటారిస్టుని బతిమాలరు.

తమ్ముడూ, ఈ వీడియో నీ దాకా వస్తుంది, నాకు తెలుసు. ఈసారి బరంపురం నుంచి మొదలుపెట్టు. లాడ్జి అక్కర్లేదు, మా ఇంట్లో దిగండి, అమ్మ బరంపురం అప్పడాలు వేయించి పెడుతుంది. డ్రమ్స్ మాత్రం మేడ మీదకి ఎక్కించొద్దు. కింద పోర్షన్‌లో ఉండే పెద్దాయనకి నా మీద కోపం ఇంకా తగ్గలేదు.