కాలమ్‌ల క్రమం మారితే పోస్ట్‌గ్రెస్ వేగం మారుతుందా? | రివ్యూ

ప్రేక్షకులకు తిరుపతి నుంచి నమస్కారం. టేబుల్‌లోనూ, రికార్డులను త్వరగా వెతకడానికి కట్టే సూచిక అయిన ఇండెక్స్‌లోనూ కాలమ్‌లను రాసే క్రమానికి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎంత విలువ ఇస్తుందో ఈ రివ్యూలో పరిశీలిద్దాం.

దామలచెరువు మామిడి మండీ లాంటి చోట లాట్ల వివరాలకు ఒక టేబుల్ తయారు చేస్తున్నామనుకోండి. సొమ్ము చెల్లించారా అన్నది బూలియన్ (అవును/కాదు, 1 బైట్), లాట్ నంబరు బిగ్‌ఇంట్ (8 బైట్ల సంఖ్య), తోతాపురియా నీలమా అన్న రకం స్మాల్‌ఇంట్ (2 బైట్ల సంఖ్య), సరుకు దిగిన సమయం టైమ్‌స్టాంప్ (8 బైట్లు), బరువు ఇంటిజర్ (4 బైట్ల సంఖ్య), పైసల్లో ధర బిగ్‌ఇంట్. 8 బైట్ల విలువ 8తో భాగించగలిగే స్థానంలోనే మొదలుకావాలన్నది పోస్ట్‌గ్రెస్ నియమం కనుక, ఇదే క్రమంలో రాస్తే బూలియన్ తరువాత 7, స్మాల్‌ఇంట్ తరువాత 6, ఇంటిజర్ తరువాత 4 బైట్లు వృథాగా పోయి, 31 బైట్ల సమాచారం 48 బైట్లను ఆక్రమిస్తుంది. పెద్ద కాలమ్‌లను ముందు, చిన్నవాటిని చివర పెడితే 32 బైట్లు చాలు. ప్రతి రికార్డు ముందుండే హెడర్‌కు 24, అది పేజీలో ఎక్కడుందో చూపే పాయింటర్‌కు 4 బైట్లు కలుపుకుంటే, పోస్ట్‌గ్రెస్ డేటాను దాచే 8 కేబీ పేజీలో మొదటి క్రమంలో 107 రికార్డులు, రెండో క్రమంలో 136 రికార్డులు పడతాయి. కోటి రికార్డుల టేబుల్ సుమారు 730 ఎంబీ నుంచి 574 ఎంబీకి దిగుతుంది. టేబుల్ మొత్తం చదివే క్వెరీకి ఆ మేరకు పేజీలు తగ్గుతాయి. ఈ సర్దుబాటును పోస్ట్‌గ్రెస్ తానే చేసుకోకపోవడం నిజమైన లోపమని నా అభిప్రాయం. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ ఇలా ఖాళీలు వదలదు కాబట్టి ఈ లెక్క అక్కడ వర్తించదు.

రైతు పేరు వంటి టెక్స్ట్ కాలమ్‌లను చివర పెట్టడం మేలు, ఎందుకంటే నిడివి మారే కాలమ్ దాటాక తరువాతి విలువ ఎక్కడుందో ప్రతి రికార్డులోనూ కొత్తగా లెక్కించాల్సి వస్తుంది.

అయితే క్వెరీ వేగాన్ని అన్నిటికంటే ఎక్కువగా శాసించేది ఇండెక్స్‌లోని క్రమమే. జూన్‌లో దిగిన తోతాపురి లాట్లు కావాలంటే, రకం ముందు, సమయం తరువాత ఉన్న ఇండెక్స్‌లో అవన్నీ ఒకేచోట వరుసగా దొరుకుతాయి. సమయం ముందుంటే జూన్‌లో దిగిన అన్ని రకాల ఎంట్రీలనూ దాటుకుంటూ వెతకాలి. అందుకే సమానత్వంతో (రకం = తోతాపురి లాగా) అడిగే కాలమ్ ముందు, పరిధితో (ఈ తేదీ నుంచి ఆ తేదీ వరకు లాగా) అడిగే కాలమ్ తరువాత ఉండాలి. క్వెరీలో షరతులు రాసే వేర్ క్లాజులో వాటిని ఏ క్రమంలో రాసినా దీనికి తేడా లేదు. రకం చెప్పకుండా సమయం మాత్రమే అడిగే క్వెరీకి రకం ముందున్న ఇండెక్స్ ఇదివరకు పెద్దగా ఉపయోగపడేది కాదు. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18లోని స్కిప్ స్కాన్ (మొదటి కాలమ్‌లోని ఒక్కో విలువకు దూకుతూ వెతికే పద్ధతి), మామిడి రకాల్లాగా మొదటి కాలమ్‌లో విలువలు కొద్దిగానే ఉన్నప్పుడు, ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తుంది.

టేబుల్‌లో కాలమ్‌ల స్థానం మార్చే ఆదేశం పోస్ట్‌గ్రెస్‌లో లేదు, కొత్త కాలమ్ ఎప్పుడూ చివరికే చేరుతుంది. కనుక ఇప్పటికే నడుస్తున్న టేబుల్‌ను ఆ కొద్ది జాగా కోసం మళ్ళీ నిర్మించమని నేను చెప్పను. ముందు ఇండెక్స్‌లను సరిచూడండి, వాటిని కాన్‌కరెంట్లీ (టేబుల్‌లో రాతలను ఆపకుండా కట్టే) పద్ధతిలో తిరిగి కట్టుకుంటే మండీలో లాట్ల నమోదు ఆగాల్సిన అవసరం రాదు.