తలస్నానం టోపీ: మూడు నెలల వాడకం తర్వాత

నమస్కారం. ఈ రోజు నా చేతిలో ఉన్నది చిన్నపిల్లల తలస్నానం టోపీ. గొడుగు అంచులా చుట్టూ విచ్చుకుని, నడినెత్తి దగ్గర మాత్రం ఖాళీగా ఉంటుంది. తల మీద పోసిన నీళ్ళు కళ్ళలోకి దిగకుండా ఆ అంచు ఆపుతుంది. శ్రీకాకుళం జీటీ రోడ్డులో 180 రూపాయలకు కొన్నాను. రెండేళ్ళు దాటిన మా పాపకు మూడు నెలలుగా వాడుతున్నాను కాబట్టి, ఇది ఎంతవరకు పనికొచ్చిందో చెప్పగలను.

ముందు దీని అవసరం ఎలా వచ్చిందో చెప్పాలి. ఏడాది నిండేవరకు మా అత్తగారు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పాపను వాటి మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించేవారు. తల మీద పోసేటప్పుడు ఎడమ అరచేతిని నుదుటికి అడ్డం పెట్టేవారు కాబట్టి, నీళ్ళు వెనక్కి జారిపోయేవే తప్ప కళ్ళలోకి దిగేవి కావు. కాళ్ళ మీద పట్టనంత ఎదిగాక నిలబెట్టి మగ్గుతో పోయడం మొదలుపెట్టాము, ఏడుపూ అప్పుడే మొదలైంది. నిలబడిన పిల్లకు ఆ నీళ్ళన్నీ ముఖం మీదుగానే దిగుతాయి, ఒక్క క్షణం ఊపిరి అందదు.

మేము దాన్ని మొండితనమే అనుకున్నాము. సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లి మా పక్కనే కదా, రథసప్తమి స్నానం మా ఇంట్లో తప్పదు. జిల్లేడు పాలు కంట్లో పడితే హాని కాబట్టి పాపకు ఆకులు మానేసి, నెత్తి మీద రేగిపండు ఒక్కటే పెట్టారు. అంతవరకు నవ్వుతూ నిలబడిన పిల్ల, అత్తగారు చెంబు పైకి ఎత్తగానే గోడకు అతుక్కుపోయింది. పాప దేనికి జడుస్తోందో ఆ రోజు అర్థమైంది.

ఇక టోపీ సంగతి. దుకాణంలో రెండు రకాలు చూపించారు. మెత్తని స్పాంజి రేకుకు వెనక బొత్తాలున్నది ఒకటి, చెవుల మీదకు రెక్కలు వచ్చే సిలికాన్‌ది మరొకటి. చవకగా వస్తుందని మొదట కొన్న స్పాంజి టోపీ నీళ్ళు పీల్చుకుని, నాలుగు వారాలకే బొత్తాల దగ్గర చిరిగింది. ఇప్పుడు మీరు చూస్తున్నది సిలికాన్‌ది. కనుబొమలకు కాస్త పైన, ఒక వేలు దూరేంత వదులుగా పెడితే ముందువైపు చుక్క కారదు, చెవుల వెనక మాత్రం కొద్దిగా కారుతుంది. అయితే తయారుచేసినవారు మన ఇళ్ళలో తలంటుకు ముందు నువ్వుల నూనె పట్టిస్తారని ఊహించినట్టు లేదు, జిడ్డు నుదుటి మీద ఇది నిలవదు. పొడి తువ్వాలుతో నుదురు, కణతలు తుడిచాకే పెట్టాలి. కుంకుడు రసం షాంపూకన్నా పలచన, అంచు కిందనుంచి ఇట్టే దూరిపోతుంది. మంట తెలిసిన పిల్ల మరుసటి వారం టోపీని కూడా నమ్మదు, కాబట్టి ఈ వయసుకు కళ్ళు మండని పిల్లల షాంపూనే మేలు.

కొన్న రోజే తలకు తగిలించి నీళ్ళు పోయకండి. మేము నాలుగు రోజులు దాన్ని ఆటవస్తువుగానే వదిలేశాము. పాప దాన్ని బొమ్మకు పెట్టింది, వాళ్ళ తాతగారికి పెట్టింది, చివరికి తనే పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. ఐదో రోజు చిన్న ప్లాస్టిక్ గ్లాసు చేతికిచ్చి, ముందు తన పాదాల మీద, తర్వాత భుజాల మీద తనే పోసుకోమన్నాము. ఇంట్లో ఉన్న, మా జిల్లా బుడితి ఊళ్ళో చేసిన ఇత్తడి చెంబు కావాలని మారాం చేసింది గాని, ఆ బరువు కాలి మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. తల మీద పోసే వంతు మాదే, కాని "ఒకటి, రెండు, మూడు" అని తను లెక్కపెట్టాకే పోస్తాము.

టోపీతోపాటు కొన్న నొక్కితే కూసే రబ్బరు బాతులను నేను సిఫారసు చేయను. అడుగున ఉన్న రంధ్రంలోంచి నీళ్ళు లోపలికి చేరి, ఆరక బూజు పడతాయి. ఒకదాన్ని కోసి చూస్తే లోపలంతా నల్లగా ఉంది. రంధ్రం లేని బొమ్మలు తీసుకోండి.

టబ్బు గురించి ఒక్క మాట. ఐదు సెంటీమీటర్ల నీటిలో కూడా పసిపిల్లలు మునిగిపోగలరు, అందువల్ల తలుపు కొట్టినా ఫోను మోగినా పిల్లను వదిలి లేవకూడదు. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేన్నీళ్ళు కలిపి, మోచేతితో చూడండి. 37, 38 డిగ్రీల గోరువెచ్చన సరిపోతుంది. బకెట్టులో హీటరు రాడ్డు వాడేవారు స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకి, రాడ్డు బయట పెట్టాకే పిల్లను స్నానాలగదిలోకి తీసుకురావాలి.

180 రూపాయలకు ఈ సిలికాన్ టోపీ నాకు గిట్టుబాటే. పోయిన ఆదివారం పాప దాన్ని మరిచిపోయి పీట మీద కూర్చుంది. అత్తగారు అలవాటుగా ఎడమ అరచేయి నుదుటికి అడ్డం పెట్టి పోశారు, పాప మూడు వరకు లెక్కపెట్టి తల వంచింది.