జింకు రేకు మీద గీత

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకీ, వెనక వరుసల్లో డ్రాయింగ్ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లలకీ నమస్కారం. పేరుపేరునా తలచుకోవడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం దానికే చాలదు. మన్నించండి.

ఈ రోజు మే 20. తలిశెట్టి రామారావు గారు 1906లో ఇదే తేదీన జయపురంలో పుట్టారు. తెలుగులో మొదటి కార్టూనిస్టు ఆయనే కాబట్టి ఈ తేదీని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జయపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఆయన పుట్టేనాటికి మాత్రం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మన విజయనగరమూ అప్పుడు ఆ జిల్లాలోదే. 1936లో ఒడిశా రాష్ట్రం విడిగా ఏర్పడ్డాక గదా అటు వెళ్లింది! సాలూరు దాటి ఘాటీ ఎక్కితే వచ్చే ఊరు. ఆయన్ని పొరుగు రాష్ట్రం మనిషిగా పరిచయం చేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. రామారావు గారు మన వైపు మనిషి.

ఆయన బొమ్మలు ఆంధ్రపత్రిక వారపత్రికలోనూ, భారతిలోనూ వచ్చాయి. రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పత్రికలే. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. తెలుగు కార్టూను పుట్టిల్లు ఆ కాగితాలే.

ఆయన జీవితం, కృషి గురించి మాట్లాడమన్నారు. కృషి అంటే బొమ్మలు. ఆ బొమ్మలు ఇవాళ మన చేతికి ఎలా అందుతున్నాయో చూడండి. జిరాక్సుకి జిరాక్సు తీసి, దాన్ని ఫోనుతో ఫొటో తీసి, చుట్టూ కత్తిరించి పంచుకుంటున్నారు. నీడ కోసం వేసిన సన్నగీతలన్నీ కలిసిపోయి నల్లటి మచ్చలా కనిపిస్తున్నాయి. అది చూసి "పాతవాళ్ల గీత మొరటు" అనేస్తున్నారు. మొరటుతనం గీతది కాదండీ, నకలుది. ఆ గీత అచ్చులోకి ఎలా వచ్చేదో తెలిస్తే ఆ మాట అనలేరు. అందుకే ముందు బ్లాకు సంగతి, అంటే బొమ్మని అచ్చొత్తడానికి చేసే లోహపు రేకు సంగతి చెప్తాను.

ఆ రోజుల్లో పత్రికకి కార్టూను అంటే లైన్ బ్లాకు. అచ్చులో రెండే ఉంటాయి: సిరా తగిలిన చోటు, తగలని చోటు. మధ్య రంగు లేదు. బ్రష్షుతో పలచగా బూడిదరంగు పూస్తే లైన్ బ్లాకులోకి రాదు, దానికి చుక్కల తెరతో తీసే హాఫ్‌టోన్ బ్లాకు కావాలి. అది ఖరీదు, పైగా గరుకు న్యూస్‌ప్రింటు మీద అలుక్కుపోతుంది. అందుకని నీడ కావాలంటే గీతలే దగ్గరదగ్గరగా వెయ్యాలి. నున్నటి తెల్ల అట్ట మీద చిక్కటి ఇండియన్ ఇంకుతో గీసేవారు. అచ్చులో మూడంగుళాలు రావలసిన బొమ్మని ఆరంగుళాలు గియ్యాలి. కెమెరా సగానికి తగ్గించినప్పుడు చేతి వణుకు కూడా సగం తగ్గుతుంది. కానీ గీతకీ గీతకీ మధ్య జాగా కూడా సగమవుతుంది! పిల్లలూ, ఇది రాసుకోండి. అట్ట మీద ఒక మిల్లీమీటరు ఎడం అచ్చులో అర మిల్లీమీటరే, అందులోకి సిరా కాస్త పాకితే ఎడమే మిగలదు. ముందు వేసుకునే నమూనా గీతలకి లేతనీలం పెన్సిలు మంచిది. ఆనాటి నెగటివు ప్లేటు నీలాన్ని తెలుపుగానే చూస్తుంది, చెరపనక్కర్లేదు.

తర్వాత పని బ్లాక్ మేకరుది. బొమ్మని నెగటివు తీసి, దాన్ని తిరగేసి, వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీద పెట్టి వెలుగు చూపిస్తాడు. గీత ఉన్నచోట పూత గట్టిపడుతుంది, మిగతాది నీళ్లకి పోతుంది. నెగటివు తిరగెయ్యడం మరిచాడా, అచ్చులో కుడి ఎడమైపోతుంది. బొమ్మలో పంతులు గారి జంధ్యం కుడి భుజం మీదకి వచ్చేస్తుంది. పెళ్లి పందిట్లో పురోహితుడు తద్దినం పెట్టేవాడిలా కనబడితే ఆ కార్టూను ఏమవ్వాలి?

ఇక రేకుని నైట్రిక్ ఆసిడ్‌లో పెడతారు. ఆసిడ్ కిందకే తినదు, పక్కలకీ తింటుంది. ఒకేసారి లోతుగా తినిస్తే గీత మొదలు బోలుపడి, మిషను ఒత్తిడికి విరిగిపోతుంది. అందుకని కొంచెం తినిచ్చి, బయటికి తీసి, గుగ్గిలంలాంటి పొడిని నాలుగు వైపులనుంచీ బ్రష్షుతో గీత పక్కలకి అద్ది, వేడిచేసి కరిగించి, మళ్లీ ఆసిడ్‌లో పెట్టాలి. ఇలా మూడు నాలుగు విడతలు. ఒక్క విడత తొందరపడితే ముందు పోయేది కనురెప్పలు, వేళ్లు, పెదవి చివర. కార్టూనులో నవ్వు ఉండేదంతా అక్కడే కదా!

రేకుని చెక్కకి మేకులు కొట్టి, టైపు ఎత్తుకి, అంటే పక్కన పేర్చే సీసపు అక్షరాలతో సమంగా 0.918 అంగుళానికి తెస్తారు. వానాకాలంలో చెక్క ఉబ్బితే బ్లాకు పైకొచ్చి గీతలు లావెక్కుతాయి. చెక్క కుదించుకుపోతే బొమ్మ వెలవెలపోతుంది, అప్పుడు అడుగున కాగితం ముక్కలు పెట్టి లేపాలి. ఇన్ని గండాలు దాటి కాగితం మీదకి వచ్చిన గీతని మనం జిరాక్సు మిషనులో పోగొట్టుకుంటున్నాం.

ఇంకొక సంగతి. వ్యాఖ్య చాలాసార్లు బొమ్మలో ఉండదు. బ్లాకు కింద కంపోజిటరు సీసపు టైపుతో విడిగా పేరుస్తాడు. బొమ్మ వరకే కత్తిరిస్తే మాట పోతుంది. ఒక గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు బైండుకి ఇచ్చారు. అంచులు సమంగా రావాలని బైండరు మూడు పక్కలా కట్ చేశాడు. పేజీ అడుగున ఉన్న వ్యాఖ్యలు చివరి వరుసతో సహా చెత్తబుట్టలోకి వెళ్లాయి. బొమ్మలో ఇద్దరు మనుషులు నోరు తెరిచి నిలబడి ఉన్నారు, ఏమన్నారో ఇక ఎవరూ చెప్పలేరు. బైండరుని తప్పుపట్టను, అతనికి చెప్పినవాళ్లు లేరు. అయ్యా, లైబ్రేరియన్లు ఇక్కడ ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను. పాత సంపుటం బైండుకి ఇస్తే "అంచు కొయ్యొద్దు" అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాట చాలదు.

మీ ఇళ్లలో, అటకల మీద, తాతగారి ట్రంకుపెట్టెల్లో పాత ఆంధ్రపత్రికలు, భారతులు ఉంటే తూకానికి వెయ్యకండి. పార్వతీపురం, బొబ్బిలి, పాలకొండ వైపు నుంచి వచ్చినవాళ్లకీ ఇదే మనవి. చిరిగినచోట సెల్లోటేపు అంటించొద్దు, దాని జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక కడుతుంది, తర్వాత ఊడదు. లామినేషన్ అసలే వద్దు. న్యూస్‌ప్రింటులో ఆమ్లం ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా పెళుసవుతుంది. మడత విప్పి, బల్లపరుపుగా, నేలకీ గోడకీ తగలకుండా పెట్టండి.

స్కాను చేసేవాళ్లు నలుపు తెలుపు మోడ్ వాడకండి. సన్నగీతలు అక్కడే చచ్చిపోతాయి. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు; గ్రేస్కేలు (బూడిదరంగు ఛాయలన్నీ పట్టేది) లేదా కలరు. కాగితం పసుపు రంగుని తెల్లగా చెయ్యాలని చూడొద్దు. ఆ సవరణలు నకలు మీద చేసుకోండి, అసలు ఫైలు అలాగే ఉండనివ్వండి. బొమ్మ ఒక్కటే కాదు, పేజీ మొత్తం తియ్యండి. పత్రిక పేరు, తేదీ, సంపుటం, సంచిక, పేజీ అంకె ఫైలు పేరులోనే పెట్టండి. అంకె చిరిగిపోయి ఉంటే ముందు పేజీ, వెనక పేజీ కూడా తియ్యండి. సంతకం కనబడకపోతే "సంతకం లేదు" అని రాయండి, ఊహించి రామారావు గారి పేరు తగిలించకండి. నమస్కారం.