ఫారంలో తప్పుంటే నష్టపోయేది అభ్యర్థేనా?

కర్నూలు స్టుడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: డోన్ నుంచి వచ్చిన ఉద్యోగార్థి, ఎమ్మిగనూరులో నెట్ సెంటర్ నడుపుతున్న నిర్వాహకుడు, పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పే అధ్యాపకురాలు.

యాంకర్: నమస్కారం. ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్ వస్తే పుస్తకం తీయడానికి ముందే ఆన్‌లైన్ దరఖాస్తు టెన్షన్ మొదలవుతోంది. అమ్మా, మీకేం జరిగిందో మీరే చెప్పండి.

ఉద్యోగార్థి: ఆఖరు తేదీకి రెండు రోజుల ముందే కూర్చున్నాను సార్. పేరు దగ్గరే ఆగిపోయింది. పదో తరగతి మెమోలో నా ఇంటి పేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరం, పక్కన చుక్క. చుక్క పెడితే తీసుకోదు. తీసేస్తే ఆధార్‌తో సరిపోలలేదంటుంది. గంటసేపు తిప్పలు పడ్డాక ఎలాగో దాటింది. తర్వాత జిల్లా దగ్గర ఆగింది. మా డోన్ ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది కదా, చిరునామాలో అదే ఇచ్చాను. స్థానిక జిల్లా అని అడిగిన చోట నంద్యాల లేనే లేదు. కర్నూలు ఎంచుకుంటే చిరునామాతో సరిపోలలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. వెనక్కి వెళ్తే నింపినదంతా పోయింది.

అధ్యాపకురాలు: ఈ అమ్మాయి కర్నూలు ఎంచుకోవడంలో తప్పేమీ లేదండీ. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కానీ స్థానికతకు 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులే ఆధారంగా ఉంటూ వచ్చాయి, వాటిలో ఉన్నవి పాత జిల్లాలు. 2025లో టీచర్ల నియామకానికి వచ్చిన డీఎస్సీలో జిల్లా స్థాయి పోస్టులను కూడా ఉమ్మడి జిల్లాల వారీగానే చూపించారు. అంటే చిరునామాకు ఒక జిల్లా, స్థానికతకు ఇంకో జిల్లా ఉండటం మన దగ్గర సహజం. ఆ సంగతి ఫారం తయారుచేసినవాళ్లకు తెలియకపోతే ఎలా? నాలుగు నుంచి పదో తరగతి దాకా ఇక్కడే చదివిన పిల్ల, ఎర్రర్ తప్పించుకోవడానికి ఆ గడిలో ఇంకేదో పెట్టిందనుకోండి, సొంత జిల్లాలోనే నాన్ లోకల్ అయిపోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

నిర్వాహకుడు: మాది మగ్గాల ఊరు సార్. ఇంట్లో కంప్యూటర్ ఉండదు, పిల్లలు మా దగ్గరకే వస్తారు. ఫోటో 50 కేబీ దాటకూడదంటారు, తగ్గిస్తే ముఖం మసకగా ఉందని తిప్పికొడుతుంది. ఆఖరి రోజు రాత్రి ఓటీపీ రాదు. సహాయ కేంద్రానికి ఫోన్ చేద్దామంటే సాయంత్రానికే మూసేస్తారు, గడువేమో అర్ధరాత్రి దాకా. మా వైపు తప్పు కూడా ఒప్పుకుంటాను. కొందరు సెంటర్ల వాళ్లు తమ ఫోన్ నంబరే ఇచ్చేస్తారు, తర్వాత అభ్యర్థికి ఒక్క మెసేజ్ కూడా చేరదు. అలా చేయకూడదు.

యాంకర్: ఫీజు సంగతి?

ఉద్యోగార్థి: మరుసటి రోజు ఫారం తీసుకుంది. యూపీఐతో కట్టాను. ఖాతాలో డబ్బు కట్ అయింది, ఫారంలో మాత్రం పెండింగ్ అని చూపించింది. మళ్లీ కట్టాలా, ఆగాలా తెలియలేదు. అమ్మ పొదుపు సంఘం డబ్బులు తీసి రెండోసారి కట్టాను. అదీ పెండింగే.

అధ్యాపకురాలు: దీనికి నిబంధన ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో డబ్బు కట్ అయి అవతలివారికి అందినట్టు ఖరారు కాకపోతే ఐదు రోజుల్లో వెనక్కి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. డబ్బుకు ఈ రక్షణ ఉంది, సంతోషం. మరి ఆ ఐదు రోజుల్లో గడువు దాటిపోయిన దరఖాస్తు మాటేమిటి? డబ్బు కట్ అయిన సమయం గడువులోపల ఉంటే దరఖాస్తు అందినట్టే లెక్కించాలి. సర్వర్ ఎన్ని గంటలు పనిచేయకపోతే అన్ని గంటలు గడువు పెంచాలి. ఫారం వదిలే ముందు మన ఊరి పేర్లతో, మన జిల్లాలతో ఒకసారి నింపి చూడాలి. ఇవి పెద్ద కోరికలు కావు.

నిర్వాహకుడు: నింపింది నింపినట్టు సేవ్ అయ్యే ఏర్పాటు కూడా ఉండాలి మేడమ్. సగం ఏడుపులు దానివల్లే.

యాంకర్: ఇప్పుడు మీ దరఖాస్తు ఎంతవరకు వచ్చిందమ్మా?

ఉద్యోగార్థి: ఒకసారి కట్టింది వెనక్కి వచ్చింది సార్. రెండోది రాలేదు. దరఖాస్తు నంబర్ కూడా రాలేదు. మెయిల్ పెట్టాను, జవాబు లేదు. నాకు వయోపరిమితి ఇంకో రెండేళ్లే ఉంది.

నిర్వాహకుడు: ఫోన్‌లో ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య, అదే యూటీఆర్ నంబర్, ఉందా తల్లీ?

ఉద్యోగార్థి: ఉందన్నా. ఎర్రర్ వచ్చినప్పుడు స్క్రీన్‌షాట్లు కూడా తీశాను.

అధ్యాపకురాలు: అయితే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. దాంతోపాటు ఆ రోజు సర్వర్ ఎంతసేపు ఆగిపోయిందో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నిర్వాహకుడు: స్క్రీన్‌షాట్లు ఇప్పుడే నాకు పంపమ్మా, రేపు పొద్దున్నే ప్రింట్ తీసి పెడతాను.