కాస్త ఆలస్యంగా పడే దెబ్బ

శ్రోతలకు నమస్కారం. ఇవాళ జాజ్, హిప్-హాప్, ఆఫ్రికా లయలు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయో చెప్పుకుందాం. చేతులు ఖాళీగా ఉంటే బల్ల మీదో మోకాలి మీదో కొడుతూ నాతో పాటు అనండి: తకిట తకిట తక. మళ్ళీ, తకిట తకిట తక. మూడు, మూడు, రెండు. మొత్తం ఎనిమిది అక్షరాలు. ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీదే దెబ్బ వేయండి.

ఈ నడక పశ్చిమ ఆఫ్రికాలో ఉంది, క్యూబాలో ఉంది, జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్ వీధి బ్యాండ్లలోనూ ఉంది. బానిసలుగా పట్టుకుపోయిన మనుషులతో పాటే అది అట్లాంటిక్ దాటింది. న్యూ ఆర్లియన్స్‌లో కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారాలు వాళ్ళు చేరి, డోళ్ళు వాయించుకుని ఆడేవారు. అందుకే "జాజ్‌లో ప్రపంచ లయలు కలిపాం" అని ఎవరైనా గొప్పగా చెబితే నాకు కొంచెం నవ్వొస్తుంది. కొత్తగా కలిపేదేముంది, అవి మొదట్నించీ అందులోనే ఉన్నాయి కదా!

బీట్ల మీద ర్యాప్, అంటే లయగా మాటలు చెప్పే హిప్-హాప్ కూడా జాజ్‌కు పరాయిది కాదు. 1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్ అనే కుర్ర డీజే ఒక పార్టీలో రికార్డులు వేశాడు. పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్క ఉంటుంది చూడండి, దాన్ని రెండు రికార్డు ప్లేయర్ల మీద మార్చి మార్చి వేసి సాగదీయడం అతని పద్ధతి. తరవాతి తరం వాళ్ళు పాత జాజ్ రికార్డుల్లోంచి ముక్కలు కోసి ర్యాప్ కింద పరిచారు. 1991లో ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందం ఇంకో అడుగు వేసి, బేస్ అనే మంద్ర తీగవాద్యం వాయించే జాజ్ విద్వాంసుడు రాన్ కార్టర్‌నే తమ రికార్డింగులో వాయించమని పిలిచింది.

కానీ నా లెక్కలో అసలు మలుపు డెట్రాయిట్‌లో, ఒక యంత్రం ముందు జరిగింది. అది అర్థం కావాలంటే మళ్ళీ మీ వేళ్ళతో పనుంది. ఒక దెబ్బను రెండు సమభాగాలు చేస్తే "తక, తక". జాజ్ వాళ్ళు అలా ఊరుకోరు. "తకిట"లో మధ్య అక్షరం మింగేసి "త..ట, త..ట" అన్నట్టు వాయిస్తారు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. ఆ ఊగునే స్వింగ్ అంటారు. హిప్-హాప్ వాళ్ళు బీట్లు కట్టే ఎంపీసీ అనే పెట్టె 1988లో వచ్చింది. దాని మీద పదహారు మెత్తటి మీటలుంటాయి, ఒక్కో మీటకు ఒక్కో శబ్దం. మనం రవ్వంత ముందో వెనకో కొట్టినా, కావాలంటే అది సర్ది, గళ్ళ పుస్తకంలో అంకెల్లా ఎక్కడిదక్కడ కూర్చోబెడుతుంది.

జేమ్స్ యాన్సీ, అందరూ జె డిల్లా అనే డెట్రాయిట్ కుర్రాడు, ఆ సర్దుబాటును చాలాసార్లు ఆపేసేవాడు. అతని తండ్రి జాజ్ బేస్ వాయించేవాడు, తల్లి ఒపెరా పాడేది. డిల్లా బీట్లలో కాలితో కొట్టే పెద్ద కిక్ డ్రమ్ కాస్త వెనకబడుతుంది, చురుగ్గా మోగే చిన్న డ్రమ్ స్నేర్ తొందరపడుతుంది, పైన హై-హ్యాట్ అనే రేకుల జంట తన దారిన తాను పోతుంది. సమంగా నడిచేదీ ఊగేదీ ఒకేసారి వినిపిస్తాయి. మొదటిసారి విన్నవాళ్ళకు తాళం తప్పిందేమో అనిపిస్తుంది, నాలుగు ఆవర్తాలు గడిచేసరికి తల దానంతటదే ఊగుతుంది. 2006లో, 32వ పుట్టినరోజు దాటిన మూడో రోజున అతను చనిపోయాడు. అతను వాడిన ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ళ మ్యూజియంలో ఉంది.

ఇక్కడి నుంచి కథ తిరగబడింది. హ్యూస్టన్‌లో పుట్టిన పియానిస్టు రాబర్ట్ గ్లాస్పర్, అతనితో వాయించిన క్రిస్ డేవ్ లాంటి డ్రమ్మర్లు, ఆ యంత్రం మీద పుట్టిన తడబాటును చేతులతో వాయించడం సాధన చేశారు. అదొక్కటే కాదు, ఒక చిన్న ముక్కను మార్చకుండా నిమిషాల తరబడి తిప్పడం కూడా నేర్చుకున్నారు. ప్రతి ఆవర్తానికీ కొత్తది చెప్పాలని తహతహలాడే జాజ్ వాళ్ళకు ఇది చాలా కష్టం. ఆ నిగ్రహం నాకు వేగం కన్నా పెద్ద విద్యలా కనిపిస్తుంది. 2012లో గ్లాస్పర్ తెచ్చిన బ్లాక్ రేడియో అనే ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది, అదీ జాజ్ విభాగంలో కాదు, ఆర్ అండ్ బీ, అంటే రిథమ్ అండ్ బ్లూస్ పాటల విభాగంలో.

ఇంకో దారి లాగోస్ నుంచి వచ్చింది. నైజీరియాలో గాయకుడు ఫెలా కుటీ పక్కన డ్రమ్స్ వాయించిన టోనీ అలెన్ సొంతంగా నేర్చుకున్నవాడు, ఆర్ట్ బ్లేకీ, మ్యాక్స్ రోచ్ లాంటి జాజ్ డ్రమ్మర్ల రికార్డులు విని. రెండు చేతులూ రెండు కాళ్ళూ నాలుగు వేర్వేరు మాటలు మాట్లాడతాయి, ఎవరూ గొంతు పెంచరు. ఫెలా, అలెన్‌ల సంగీతానికి ఆఫ్రోబీట్ అని పేరు, దాని నడక అదే. లండన్‌లో ఫెమి కొలియోసో అనే డ్రమ్మర్ అలెన్ దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. అతని బృందం ఎజ్రా కలెక్టివ్‌కు 2023లో, బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. 1992 నుంచి ఇస్తున్న ఆ బహుమతి ఒక జాజ్ బృందానికి దక్కడం అదే మొదలు.

మనవైపు నుంచి ఒక పేరు చెప్పాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ల పక్కన కూర్చుని వాయించాడు. అందులో ర్యాప్ లేదు. కానీ మెక్‌లాఫ్లిన్ మన సొల్లుకట్లు, అంటే "తకిట" లాంటి లయ అక్షరాలు, నోటితో చెప్పడం నేర్చుకున్నాడు, అందుకే వాళ్ళ సంభాషణ కుదిరింది. తయారైన పాట మీద తబలా ముక్క అతికించి ఫ్యూజన్ అనేవాళ్ళు ఈ కష్టం పడరు. విన్న వెంటనే తెలిసిపోతుంది: తబలా తీసేసినా పాటకు ఏమీ కాదు.

వినాలనుకుంటే గ్లాస్పర్‌తో మొదలుపెట్టండి, సులువుగా ఉంటుంది. తరవాత డిల్లా. మొదటిసారి గొంతునీ పియానోనీ వదిలేసి, స్నేర్ ఎక్కడ పడుతోందో అదొక్కటే పట్టుకోండి. టోనీ అలెన్‌ను మాత్రం రెండు మూడు సార్లు వినాలి, నాలుగు గొంతుల్లో దేని వెంట వెళ్ళాలో ఒక పట్టాన తేలదు. నమస్కారం.